రాయవేలూరు రాజు, పులికాటు రేవు, డచ్చివారి నీలం

వేలూరులోని మా తొరపాడి పేరు చెప్పగానే అందరికీ సెంట్రల్ జైలు గుర్తొస్తుంది. వేలూరు అంటే కోట, జలకంఠేశ్వరుడి గుడి, 1806 నాటి సిపాయిల తిరుగుబాటు. తెలుగువాళ్లు రాయవేలూరు అని పిలుచుకున్న ఈ ఊరికి సముద్ర వ్యాపారంతోనూ గట్టి సంబంధం ఉంది. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు.

చంద్రగిరి నుంచీ, చివరి ఏళ్లలో వేలూరు నుంచీ పాలించిన ఆరవీటి వేంకటపతి రాయలు 1610లో డచ్చివారికి పులికాటు రేవులో వ్యాపారం చేసుకోవడానికి అనుమతి ఇచ్చాడు. ఆ రేవు అప్పట్లో రాణి ఓబాయమ్మ ఏలుబడిలో ఉండేది. మైలాపూరు పక్కన శాంథోమ్‌లో పాతుకుపోయిన పోర్చుగీసువారు 1612లో డచ్చివారి కొఠీ మీద పడ్డారు. మరుసటి ఏడే పులికాటులో డచ్చివారి గెల్డ్రియా కోట లేచింది.

డచ్చివారికి కావలసింది మన బట్ట. జావా, మలుకు దీవుల్లో లవంగాలు, జాజికాయలు కొనాలంటే అక్కడివాళ్లు కోరమండల్ అద్దకపు బట్టలే అడిగేవారు. మన నేతగాళ్ల, అద్దకందార్ల చేతిపని లేకపోతే ఆసియాలో వాళ్ల వ్యాపారం అంతగా సాగేది కాదు. డచ్చి కంపెనీ ఓడలే చైనా పింగాణీని కూడా హాలండుకు చేర్చాయి.

పింగాణీ మోజు అక్కడ అంతకు ముందే మొదలైంది. 1603లో సింగపూరు దగ్గర పట్టుకున్న శాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడలో దాదాపు లక్ష పింగాణీ పాత్రలు దొరికాయి. మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో వాటిని వేలం వేస్తే జనం ఎగబడ్డారు. 1644లో మింగ్ వంశం కూలి, చైనాలో యుద్ధాలు ముదిరాక సరుకు తగ్గిపోయింది. ఆ లోటు తీర్చింది డెల్ఫ్ట్ పట్టణం.

డెల్ఫ్ట్ కుమ్మర్లకు చైనావారి తెల్లమట్టి లేదు, 1300 డిగ్రీల బట్టీ లేదు. ఉన్న మామూలు మట్టినే కాల్చి, తగరం కలిపిన తెల్లని పూతలో ముంచేవారు. ఆ పూత ఆరాక కోబాల్టు నీలంతో బొమ్మ వేసేవారు. పొడిపూత రంగును వెంటనే పీల్చేస్తుంది కాబట్టి తుడిచి దిద్దుకునే వీలుండదు. మళ్లీ కాలిస్తే పూత గాజులా మెరిసేది. మొదట చైనా తోటలు, పక్షులు గీశారు. క్రమంగా గాలిమరలు, కాలువలు, పడవలు, తమ ఊళ్ల బొమ్మలు వచ్చాయి. దాన్ని నకలు అని తీసిపారేయలేం. చేతిలో ఉన్న మట్టితో పరాయి అందాన్ని తమది చేసుకున్న పనితనం అది.

మన వేలూరు చుట్టుపక్కల కుమ్మర్లలోనూ ఆ పనితనం ఉంది. గుడియాత్తం, కరిగిరి మట్టిపాత్రలకు పాత పేరుంది. కరిగిరి కూజాల మీది ఆకుపచ్చ, నీలం గ్లేజు పూత చూస్తే ఎవరైనా ఆగి చేతిలోకి తీసుకుంటారు. డెల్ఫ్ట్ పళ్లెం లక్షలకు అమ్ముడుపోతుంటే, కరిగిరి కూజా కొనేవాడి కోసం ఎదురుచూస్తోంది. తేడా పనితనంలో లేదు. డెల్ఫ్ట్ తన కుమ్మర్ల కథను భద్రంగా దాచుకుంది, చెప్పుకుంది. మనం చెప్పుకోలేదు.

వేలూరు కోటలోని మ్యూజియంలో కరిగిరి, గుడియాత్తం పాత్రలకు ఒక గది కేటాయించాలి. పక్కనే పులికాటు రేవు పటం, వేంకటపతి రాయల అనుమతి కథ తెలుగులోనూ తమిళంలోనూ రాసిపెట్టాలి. బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్లి, ఆ తర్వాత కరిగిరి కుమ్మరి సారె ముందు కూర్చోబెట్టాలి. ఈ పని మన తరమే మొదలుపెట్టాలి.