విద్యుత్ నీటి హీటర్: గృహ వినియోగం, భద్రత (నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం)

స్నానానికి నీళ్లు కాచుకునేందుకు ఇళ్లలో వాడే విద్యుత్ సాధనాలు ప్రధానంగా రెండు: బక్కెట్లో ముంచే హీటర్ రాడ్డు, గోడకు బిగించే గీజరు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలకు తిరుపతి కేంద్రంగా ఉన్న ఏపీఎస్పీడీసీఎల్ కరెంటు పంపిణీ చేస్తుంది. కట్టెల పొయ్యి మీది కాగు, రాగి బాయిలరు స్థానాన్ని రాడ్డు క్రమంగా ఆక్రమించినట్టు భావించవచ్చు.

నిర్మాణం

రాడ్డులో నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమలోహం) తీగ, దాని చుట్టూ కరెంటును అడ్డుకునే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, పైన లోహపు గొట్టం ఉంటాయి. నైక్రోమ్‌ను ఆల్బర్ట్ మార్ష్ కనిపెట్టిన ఏడాదిని కొందరు 1905గా, కొందరు 1906గా రాస్తారు. పేటెంటు మాత్రం 1906లో లభించింది.

1500 వాట్ల రాడ్డు 20 లీటర్ల నీటిని 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌కు తేవడానికి సుమారు 19 నిమిషాలు పడుతుంది; దాదాపు అర యూనిట్ ఖర్చవుతుంది. 230 వోల్టుల వద్ద అది 6.5 ఆంపియర్లు లాగుతుంది. అందుకే 6 ఆంపియర్ల సాకెట్ చాలదు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ ఉండాలి.

నీటి స్వభావం

ఈ ప్రాంతపు రాతి పొరల్లో కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ ముఖ్యమైనవి. సున్నపురాయి నేలల్లోని బోరు నీళ్లు సాధారణంగా కఠినజలం, అయితే బోరుకూ బోరుకూ తేడా ఉంటుంది. అలాంటి నీళ్లు కాచినప్పుడు కాల్షియం కార్బనేట్ తెల్లటి పెచ్చుగా రాడ్డుకు పడుతుంది. పెచ్చు మందమైతే వేడి నీటికి సరిగా చేరదు, గొట్టం అతిగా వేడెక్కుతుంది. అది చిట్లితే లోపలి పొడి తడిసి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. ప్లగ్ తీసి, రాడ్డు చల్లారాక, నిమ్మరసమో వెనిగరో పట్టించి పెచ్చును వదిలించాలి, కత్తితో గీకకూడదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ప్లాస్టిక్ బక్కెట్ అయితే షాక్ కొట్టదన్న నమ్మకం ఉంది. ఇది సగమే నిజం: బక్కెట్ పట్టుకున్న చేతికి రక్షణ ఉండొచ్చు గానీ, నీళ్లలో పెట్టిన చేతికి ఉండదు. పైగా రాడ్డు అంచుకు తగిలితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఇనుము, స్టీలు బక్కెట్లు అంతకంటే ప్రమాదకరం.

స్విచ్ ఆపితే చాలని కొందరంటారు. వైరింగులో ఫేజ్, న్యూట్రల్ తారుమారైన ఇంట్లో స్విచ్ ఆపినా రాడ్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. కాబట్టి ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోవాలన్న సలహాయే సరైనది. రాడ్డును గుర్తు వరకు ముంచాకే స్విచ్ వేయాలి.

ఎక్కువ కరెంటు పారితే సరఫరాను ఆపే ఎంసీబీ వైరింగును కాపాడుతుంది. మనిషిని కాపాడేది, కరెంటు లీకైతే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. దానితో పాటు ఎర్తింగ్ కూడా సరిగా ఉండాలి. తడి ఉన్న నల్లరేగడిలో ఎర్త్ బాగా పనిచేస్తుంది, రాతినేలలో అంతగా కుదరదు. వేసవిలో ఎర్త్ గుంతకు నీళ్లు పోయడం అవసరం. గీజర్లలో థర్మోస్టాట్‌తో పాటు, పీడనం పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు పనిచేస్తూ ఉండాలి.

ఐఎస్ఐ గుర్తు లేని రాడ్డు కొనవద్దు. షాక్ తగిలిన మనిషిని నేరుగా ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయాలి.