బుడమేరు దారి

పొదుపు లెక్కలు, బ్యాంకు అప్పుల లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ మేము ఒక ఏటి సంగతి రాస్తున్నాం. 2024 వరదలో మా సంఘం తీర్మానాల పుస్తకం, ఇద్దరు సభ్యుల కుట్టు మిషన్లు నీళ్ళపాలయ్యాయి. "బుడమేరు మన ఇళ్ళ మీద పడింది" అని అందరం ఏడ్చాం. ఆ ఏరు ఎక్కడ పుడుతుందో, ఎటు పోతుందో మాత్రం మాలో చాలామందికి తెలియదు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. జి.కొండూరు మండలం వెలగలేరు మీదుగా దిగి, విజయవాడకు ఉత్తరంగా సింగ్‌నగర్, గుణదల పక్కల నుంచి సాగుతుంది. ఎనికెపాడు దగ్గర పంట కాలువ కింద నుంచి దాటి, వంకలు తిరుగుతూ కొల్లేరు చేరుతుంది. తమ్మిలేరు, రామిలేరు కూడా కొల్లేటికే వస్తాయి. ఇన్ని ఏళ్ళ నీళ్ళు కొల్లేటి నుంచి సముద్రానికి పోవాలంటే ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే.

అంటే పుట్టుక రీత్యా బుడమేరు కృష్ణకు ఉపనది కాదు, కొల్లేటి బిడ్డ. వాన లేనప్పుడు మురుగు కాలువలా ఉంటుంది. కొండల మీద కుండపోత కురిస్తే గంటల్లో పొంగుతుంది. అందుకే పెద్దవాళ్ళు దాన్ని బెజవాడ దుఃఖదాయిని అన్నారు. ఊరికి ఆ బాధ తగ్గించాలని వెలగలేరు దగ్గర గేట్లు కట్టి, అక్కడి నుంచి మళ్ళింపు కాలువ తవ్వారు. అది ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుస్తుంది. 2015లో పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు కృష్ణను చేరింది కూడా ఈ కాలువ గుండానే.

ఇక పాత ఏటి దారి సంగతి. నీళ్ళు అటు మళ్ళాయి కదా అని ఇటు లోతట్టులో కాలనీలు లేచాయి. స్థలం చవకగా దొరికేది అక్కడే కాబట్టి మనలాంటి వాళ్ళం అక్కడే కొనుక్కున్నాం. 2005లో వరద వచ్చి భయపెట్టింది. నాలుగేళ్ళకు మర్చిపోయాం, ఇంకా ఇళ్ళు కట్టాం.

2024 ఆగస్టు 31న వాన ఆగలేదు. సెప్టెంబరు 1 ఆదివారం. తెల్లారి లేచి చూస్తే వీధిలో నీళ్ళు. మళ్ళింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణ అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్ళు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి తన్నాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7 అయ్యింది. అన్ని రోజులూ మేడలున్న ఇళ్ళ వాళ్ళే మిగతావాళ్ళకి నీడ ఇచ్చారు.

కింద కొల్లేటి సంగతీ ఉంది. చెరువు గట్లు వేసి నీళ్ళ దారి ఇరుకు చేస్తే పైనున్న నీళ్ళు దిగవు. పైన గండి, కింద ఇరుకు, మధ్యలో మనం.

ఏరు ముందు, ఇళ్ళు తర్వాత. అలాగని ఇళ్ళు ఎత్తుకుని ఎక్కడికి పోతాం? అందుకే మా సంఘం మూడు తీర్మానాలు చేసుకుంది. సంఘం పుస్తకాలు, పాసు పుస్తకాలు వానాకాలంలో మేడ మీద ఇంట్లో పెట్టాలి. వెలగలేరు గేట్లు ఎత్తుతున్నారన్న కబురు తెలియగానే ఇంటింటికీ చెప్పాలి. ఎవరైనా స్థలం కొనడానికి అప్పు అడిగితే, 2005లోనూ 2024లోనూ అక్కడ నీళ్ళు ఎంత ఎత్తు నిలిచాయో ఆ వీధి పెద్దమ్మలను అడిగి రావాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

మీ ఊళ్ళోనూ ఒక వాగు ఉంటుంది. అది ఎటు పోయేదో తెలిసిన పెద్దవాళ్ళు ఉండగానే అడిగి, మీ సంఘం పుస్తకంలో రాసుకోండి.