రాస్వెల్ శకలాలు, రహస్యాల నీడలు

1947 జులై 8. న్యూమెక్సికోలోని రాస్వెల్ సైనిక వైమానిక స్థావరం ఎగిరే పళ్ళెం ఒకటి తమ చేతికి చిక్కిందని పత్రికలకు ప్రకటన ఇచ్చింది. అంతకు రెండు వారాల ముందే రెయినియర్ పర్వతం దగ్గర తొమ్మిది వింత వస్తువులు దూసుకుపోవడం చూశానని కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ చెప్పడంతో అమెరికా మొత్తం ఆకాశం వైపే చూస్తోంది. ప్రకటన వెలువడిన కొన్ని గంటలకే, అది వాతావరణ బెలూన్ అంటూ జనరల్ రోజర్ రేమీ మాట మార్చేశారు.

ఆ శకలాలు మొదట కంటపడింది పశువుల క్షేత్రం చూసుకునే మాక్ బ్రేజెల్‌కి. రబ్బరు పేలికలు, వెండిరేకు, గట్టి కాగితం, సన్నటి పుల్లలు, పువ్వుల బొమ్మలున్న అంటుటేపు. అన్నీ కలిపి సుమారు 5 పౌండ్లని ఆయన స్థానిక పత్రికకు చెప్పారు. నక్షత్రాలు దాటొచ్చిన వాహనం పుల్లలతో, టేపుతో కట్టినదై ఉంటుందా?

అయితే రేమీ చెప్పిందీ పూర్తి నిజం కాదు. సోవియట్ అణుపరీక్షల శబ్దాన్ని పైవాతావరణంలో పట్టుకోవాలని న్యూయార్క్ విశ్వవిద్యాలయ బృందం బెలూన్ల గొలుసులు ఎగరేసేది. దాని పేరు ప్రాజెక్ట్ మోగుల్, అత్యంత రహస్యం. రాస్వెల్ శకలాలు బహుశా దానివేనని వైమానిక దళం ఒప్పుకున్నది 1994లో. ఈలోగా 1978లో మాజీ అధికారి జెస్సీ మార్సెల్ తాను చూసిన ఆ శకలాలు ఈ లోకానివి కావన్నారు. 1980లో ఈ ఘటనపై పుస్తకం వచ్చింది. గ్రహాంతరవాసుల మృతదేహాలూ కథలోకి వచ్చి చేరాయి.

దాపరికం అక్కడితో ఆగలేదు. 1955లో నెవడాలోని గ్రూమ్ లేక్ నుంచి యూ-2 గూఢచారి విమానం లేచింది. 60,000 అడుగుల పైన ఎండకు మెరిసే దాని రెక్కలు జనానికి వింతగానే కనిపించాయి. ప్రభుత్వం నోరు విప్పలేదు. ఏరియా 51గా పేరుపడ్డ ఆ స్థావరం ఉన్నదని సీఐఏ పత్రాలు స్పష్టంగా చెప్పింది 2013లోనే. ప్రజలకు అనుమానం నేర్పింది సర్కారే. ఆ నింద దానిదే.

నన్ను నిజంగా బాధించేది మరొకటి. రాస్వెల్ శకలాల నుంచే చిప్పులు, లేజర్లు, ఫైబర్ ఆప్టిక్స్ పుట్టాయని 1997లో మాజీ సైనికాధికారి ఫిలిప్ కోర్సో రాశారు. ట్రాన్సిస్టర్‌నీ ఆ ఖాతాలోనే వేసినవాళ్ళున్నారు. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ జెర్మేనియం ముక్క మీద బంగారు రేకు ఆనించి సంకేతాన్ని పెంచగలిగారంటే, దాని వెనుక యుద్ధకాలపు రాడార్ పరిశోధనల శ్రమ ఉంది. ఫైబర్ ఆప్టిక్స్ కథా అంతే: గాజుపోగుల కట్టలోంచి బొమ్మను పంపి 1954లో 'నేచర్' పత్రికలో శాస్త్రవేత్త హాప్కిన్స్‌తో కలిసి వ్యాసం ప్రచురించినవారు మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. మనిషి బుర్ర పండించినదాన్ని ఆకాశం ఖాతాలో రాయడం అన్యాయం.

బాబ్ లాజర్ అనే వ్యక్తి 1989లో గ్రహాంతరవాసుల వాహనాల ఇంధనమని చెప్పిన 115వ మూలకాన్ని శాస్త్రవేత్తలు 2003లో తయారుచేశారు. వాళ్ళు చేసిన పరమాణువులు సెకను కూడా నిలవలేదు.

2023 జులైలో మాజీ నిఘా అధికారి డేవిడ్ గ్రష్ అమెరికన్ కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి, కూలిన గ్రహాంతర వాహనాలను రహస్యంగా విప్పి అధ్యయనం చేస్తున్నారన్నారు. ఆయన చెప్పినదంతా ఇతరుల నుంచి విన్నది. అందుకు ఆధారం దొరకలేదని 2024 మార్చిలో 'ఆరో' అనే రక్షణశాఖ విభాగం నివేదించింది. 1947 నాటి శకలమంటూ ఏళ్ళ తరబడి ప్రచారంలో ఉన్న ఒక లోహపు ముక్కను ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షించింది. మెగ్నీషియం, జింక్, కాస్త బిస్మత్, సీసం. ఐసోటోపుల నిష్పత్తులు భూమివే.