పక్క గీత వెంబడి పరుగు

ఫుట్‌బాల్‌లో వింగర్ అంటే మైదానం పక్క గీత వెంబడి ఆడే మనిషి. బంతి అందుకుని, ఎదుటి జట్టు డిఫెండర్‌ని దాటి, గోలు ముందు నిలబడ్డ వాళ్ళకి దాన్ని చేర్చడం ఆ స్థానం ప్రధానమైన పని. సందు దొరికితే తనే లోపలికి చొచ్చుకొచ్చి గోలు కొట్టడమూ ఉంది. అయితే ఎంత వేగమున్నా వింగర్ ఒంటరిగా చేయగలిగింది తక్కువ. వెనక నుంచి ఎవరో బంతి పంపాలి. ముందు ఎవరో అందుకోవాలి. క్రీడాకారుల జీవితమూ అలాంటిదే. ప్రతిభ వెనక జట్టు, జీతం, మైదానం, ఆ ఆటని రాసిపెట్టే చేయి ఉండాలి. ఇవి మగవాళ్ళకి ఎలా అమిరాయి, ఆడవాళ్ళకి ఎందుకు అమరలేదు? తెలంగాణ నేల మీంచి కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు దాకా వెళ్ళిన ఇద్దరి దారుల్ని పక్కపక్కన పెడితే ఈ ప్రశ్న స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి వ్యక్తి తులసీదాస్ బలరాం. సికిందరాబాదు అమ్ముగూడలో ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టారు. ఆయన ఎదిగిన నాటికి హైదరాబాదు ఫుట్‌బాల్ నగరం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. పోలీసు జట్టులో చోటంటే ఆటతో పాటు నెలనెలా జీతం. బీద ఇంటి కుర్రాడు బంతిని నమ్ముకోవడానికి ఆ ఉద్యోగమే ధైర్యం. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. ముందు వరసలో ఎడమ వైపు ఎక్కువగా ఆడేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టు ఆయనది. తర్వాత రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కి మారారు. ముప్పై నిండకుండానే అనారోగ్యం ఆట మాన్పించింది. 2023లో చనిపోయారు. ఆయనకి దక్కాల్సిన గౌరవం దక్కలేదన్న మాట నిజమే. అయినా ఆయన ఆడిన ఆటలు, కొట్టిన గోల్స్ రికార్డుల్లో ఉన్నాయి.

పోలీసు ఉద్యోగం, రైల్వే ఉద్యోగం, క్లబ్బు, పత్రికల్లో వార్త. ఈ ఏర్పాటంతా మగపిల్లల కోసం జరిగింది. ఆడపిల్లల శరీరాలు ఈ ఆటకి పనికిరావన్న మాట అప్పటికే ప్రపంచమంతా పాకి ఉంది. ఆ మాట అబద్ధమని 1920లోనే ఇంగ్లండులో రుజువైంది. ఆ ఏడాది డిసెంబరు 26న లివర్‌పూల్ గుడిసన్ పార్కులో డిక్ కెర్ ఫ్యాక్టరీ స్త్రీల జట్టు ఆట చూడడానికి 53 వేల మంది వచ్చారు. లిలీ పార్ అనే ఎడమవైపు వింగర్ ఆ జట్టులోనే పేరు తెచ్చుకున్నారు. మరుసటి డిసెంబరులో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకి తగదని ప్రకటించి, తన సభ్య క్లబ్బుల మైదానాలు వాళ్ళకి ఇవ్వకుండా నిషేధించింది. అది దాదాపు యాభై ఏళ్ళు సాగింది. లిలీ పార్ ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తూ, దొరికిన చోటల్లా 1951 దాకా ఆడుతూనే ఉన్నారు. స్త్రీలు ఆడలేరని కాదు, ఆడితే జనం వస్తారనే మైదానాలు మూశారని ఆ వరస చూస్తే అనిపిస్తుంది.

మన దేశంలో నిషేధం అవసరం కూడా పడలేదు. పట్టించుకోకపోవడమే సరిపోయింది. 1975లో స్త్రీల ఫుట్‌బాల్‌కి వేరే సమాఖ్య ఏర్పడింది. 1980 మొదట్లో కాలికట్‌లో జరిగిన ఆసియా పోటీల్లో, మళ్ళీ 1983లో బ్యాంకాక్‌లో మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. 1983లోనే శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది. ఇంత జరిగినా మగవాళ్ళకి 1996లో మొదలైన జాతీయ లీగ్ ఆడవాళ్ళకి 2016-17 దాకా రాలేదు. ఆ మధ్య కాలంలో వింగర్‌గా ఎదగగలిగిన అమ్మాయిలు ఎంతమంది పెళ్ళిళ్ళలోకి, కూలి పనుల్లోకి వెళ్ళిపోయారో లెక్క ఎవరూ రాయలేదు.

ఆ లీగ్ వచ్చాక ఎదిగినవారు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన లంబాడా అమ్మాయి. రెక్క మీదా ఆడగలరు, గోలు ముందూ ఆడగలరు. గోకులం కేరళ జట్టులో ఆడి, 2022లో జ్యోతి చౌహాన్‌తో పాటు క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరారు. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళారు. 2024-25 లీగ్‌లో తొమ్మిది గోల్స్‌తో భారతీయ క్రీడాకారిణుల్లో అందరికన్నా ముందున్నారు. ఒడిశా జట్టు మీద ఆమె కొట్టిన ఒకే ఒక్క గోలుతో ఈస్ట్ బెంగాల్ మొదటిసారి ఆ టైటిల్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. బలరాం ఎరుపు, బంగారు రంగుల చొక్కా తొడిగిన దాదాపు అరవై ఎనిమిదేళ్ళకి మరో తెలంగాణ మనిషి అదే చొక్కాలో ఆ గెలుపు తెచ్చారు. ప్రతిభకి ఇంతకాలం పట్టలేదు, ఏర్పాటుకి పట్టింది.

మా నెల్లూరు తీరంలో, మైపాడులోనైనా కోడూరులోనైనా, సాయంత్రం ఇసకలో బంతి తన్నేది మగపిల్లలే. ఆడపిల్లలు అమ్మల పక్కన కూచుని చూస్తారు. ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ సారా అంగడి మూయించారు. వాళ్ళ పోరాటం వాచకంలో పాఠంగా అచ్చయి ఊరూరా చదివినందువల్లే మిగతా ఊళ్ళు కదిలాయి. రాసిపెట్టడానికి అంత శక్తి ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని వాళ్ళ నోటనే విని 'మనకు తెలియని మన చరిత్ర'ని తెచ్చిన సంప్రదాయం మనది. ఆ పద్ధతి మైదానానికీ వర్తిస్తుంది. మొదటి బూట్లు ఎవరు కొనిచ్చారు, నిక్కరు వేసుకుంటే ఇంట్లో ఏమన్నారు, టోర్నమెంటుకి బస్సు ఛార్జీ ఎలా వచ్చింది, నెలసరి రోజుల్లో ఎలా ఆడారు, ఆట ఎప్పుడు, ఎవరి మాట మీద మానేశారు అన్నవి స్కోరు కార్డుల్లో దొరకవు. 1975 తర్వాత తొలి జట్లలో ఆడినవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. సాహిత్యం చదివిన మనకి మనుషుల మాట వినడం, రాయడం వచ్చు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్దాం.