రెండు సముద్రాల సరస్సు పటమెక్కిన వైనం

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న వొలాస్టన్ సరస్సు నీరు రెండు దారుల్లో పోతుంది. వాయవ్యంగా పారేది అథబాస్కా సరస్సు, మెకంజీ నది మీదుగా ఆర్కిటిక్ సముద్రం చేరుతుంది. ఈశాన్యంగా కాక్రేన్ నదిలోకి దిగేది రెయిన్‌డీర్ సరస్సు, చర్చిల్ నది దాటి హడ్సన్ అఖాతంలో కలుస్తుంది. ఇంత పెద్ద సరస్సు సహజంగా రెండు వైపులా పారడం చాలా అరుదు.

ఈ సంగతి అక్కడి ఆదివాసులైన డెనె ప్రజలకు తరతరాలుగా తెలుసు. 1796లో హడ్సన్ బే కంపెనీ సర్వేయరు డేవిడ్ థాంప్సన్ కాస్డా, పాడీ అనే ఇద్దరు డెనె యువకుల వెంట బెరడు పడవలో ఈ దారిన వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఒక జలపాతం దగ్గర తాడుతో ఎగువకు లాగుతున్న పడవ అడ్డం తిరిగింది. పడవలో ఉన్న థాంప్సన్ తాడు కోసేసి, పడవతోపాటే జలపాతం మీంచి పడ్డాడు. అరికాలు మడమ నుంచి చీలిపోయింది. కాస్డా దిగువకు పరుగెత్తి, కొట్టుకుపోతున్న బెండు అస్తరు పెట్టెను దొరకబుచ్చుకున్నాడు. కోణాలు కొలిచే సెక్స్టాంటు, సర్వే కాగితాలు అందులోనే ఉన్నాయి. ముగ్గురూ గుడారం గుడ్డను చింపి ఒంటికి చుట్టుకున్నారు. అడవి పళ్లతో ప్రాణాలు నిలుపుకున్నవారిని చివరికి డెనె కుటుంబాలు ఆదుకున్నాయి. తర్వాత నార్త్‌వెస్ట్ కంపెనీకి మారిన థాంప్సన్ 1814లో గీసిన మహాపటం ఫోర్ట్ విలియంలోని ఆ కంపెనీ భోజనశాలలో వేలాడింది. అతని స్వీయకథనాన్ని 1916లో వెలుగులోకి తెచ్చిన జె.బి. టిరెల్ కూడా 1892లో ఈ సరస్సును సర్వే చేసినవాడే.

ఆ తర్వాత పటాల పని విమానాలకెక్కింది. 1924లో వైమానిక దళం ఎగిరే పడవ నుంచి రెయిన్‌డీర్ సరస్సు పరిసరాలను ఏటవాలుగా ఫొటోలు తీసింది. కెమెరా ఎత్తు, ఫొటోలోని దిగంత రేఖ ఆధారంగా దూరం పోయేకొద్దీ చిన్నబోయే గళ్లను లెక్కగట్టేవారు. ఆ గళ్లను ఫొటోపై పరిచి, ఒక్కో గడిలోని ఒడ్డును గళ్ల కాగితం మీదికి ఎక్కించేవారు. నేల చదునుగా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. సరస్సులు, చిత్తడి నేలలు అందుకు చక్కగా సరిపోయాయి. 1927లో జాతీయ భూస్వరూప పటాల వ్యవస్థ ఏర్పడింది. దేశమంతటికీ 1:50,000 స్కేలు షీట్లు పూర్తయ్యేసరికి 2012 వచ్చింది.

ఒడ్డుల కొలతలు కచ్చితమైనా, తొలి దారి చూపినవారి పేర్లు మాత్రం చెరిగిపోయాయి. సరస్సుకు దక్కింది లండన్ రసాయన శాస్త్రవేత్త విలియం హైడ్ వొలాస్టన్ పేరు. పెట్టెను కాపాడిన కాస్డా పేరు షీట్ల మీద ఉండాల్సింది.