తిరుమలగిరి పరిసరముల శ్రవ్యప్రక్రియలు: పదముల పట్టిక నుండి పాడ్‌కాస్టు వరకు

మన సాహిత్యచరిత్రకారుల దృష్టి ప్రధానముగా వ్రాతపైననే నిలిచినది. తాళపత్రము, శాసనము, అచ్చుపుస్తకము అను మూడింటిలో దేనియందును చోటు దొరకని వాఙ్మయమును చరిత్రలో చేర్చుటకు పండితులు చాలకాలము వెనుకాడిరి. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో వెలువడిన పిదప ఆ సంకోచము కొంత సడలినది. అయినను, వినుటకై పుట్టిన వాఙ్మయమును ప్రక్రియల వారిగా విభజించి, ఏ ప్రక్రియకు ఏ గుణము ప్రాణమో నిర్ణయించి, వినదగినవి ఇవియని విద్యార్థికి చెప్పు పని చాలవరకు మిగిలియే యున్నది. పాడ్‌కాస్టు అను క్రొత్త శ్రవ్యరూపము తెలుగున విస్తరించుచున్న ఈ దినములలో ఆ పని మరింత అవసరమైనది. తిరుమలగిరి పరిసరములను ఆధారముగా గొని దానిని కొంతవరకు నిర్వహింప యత్నింతుము.

తిరుమలగిరి పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11వ తేదీన జరిగిన జిల్లాల పునర్విభజనతో సూర్యాపేట జిల్లాలో చేరినది. జనగామ నుండి సూర్యాపేటకు పోవు మార్గముననున్న ఈ ఊరిని మేము ఎన్నుకొనుటకు కారణము కలదు. దీనికి సమీపమున ఫణిగిరి బౌద్ధక్షేత్రమున్నది. ఉత్తరమున అనతిదూరములో పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన పాలకుర్తి యున్నది. దక్షిణమున సూర్యాపేట చెంత దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి లింగమంతుల జాతర జరుగును. వినికిడి వాఙ్మయపు మూడు దశలు ఇంత చిన్న ప్రదేశమున చేరియుండుట విశేషము.

మొదటిది బౌద్ధుల దశ. బుద్ధవచనము గ్రంథస్థము కాకముందు భాణకుల నోటనే నిలిచెను. ఆ భాణకులలోను విభాగములుండెను. దీర్ఘసూత్రములను ధరించినవారు దీఘభాణకులు. మధ్యమ ప్రమాణము గలవానిని ధరించినవారు మజ్ఝిమభాణకులు. ఎవరి భాగము వారిదే. ఫణిగిరి తోరణశిల్పములలో కానవచ్చు బుద్ధచరిత ఘట్టములను చూచుచున్నపుడు ఒక సంగతి స్ఫురించును: ఆ రాతిబొమ్మలు, కథను ముందే విన్నవానికే సంపూర్ణముగా అర్థమగును. చూపునకు ముందు వినికిడి యున్నది.

రెండవది సోమనాథుని దశ. కాకతీయ యుగమునకు చెందిన ఈ మహాకవి పాడుటకు అనువైన ద్విపదను కావ్యస్థాయికి తెచ్చినాడు. తన ‘పండితారాధ్య చరిత్రము’న పర్వత ప్రకరణమునందు శ్రీశైలయాత్రికులు పాడుకొను పదములను పేరుపేరున పేర్కొనినాడు. తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు, ప్రభాత పదములు, నివాళి పదములు మొదలగునవి అందు కలవు. మాకు తెలిసినంతలో, వినదగిన ప్రక్రియలను వరుసగా చెప్పిన పట్టికలలో తెలుగున ఇది మిక్కిలి ప్రాచీనమైనది. ఈ పట్టికను జానపదవాఙ్మయ చరిత్రకారులందరును ఉదాహరింతురు. కాని అది మనకు ఇచ్చినదెంత, ఈయనిదెంత అని విచారించుట అరుదు. తుమ్మెద పదము ఉండెనని మాత్రమే దానివలన తెలియుచున్నది. సోమనాథుని చెవినబడిన తుమ్మెద పదము ఏ వరుసలో సాగెనో, ఎవరు ఎత్తుకొనిరో, ఎవరు అందుకొనిరో తెలియదు. పేరు మిగిలినది, ధ్వని పోయినది. ఓరుగల్లు వీథులను వర్ణించిన ‘క్రీడాభిరామము’ కొంత మేలు. అందు జక్కుల పురంధ్రి గానమును, పల్నాటి వీరుల కథాగానమును వాద్యముతో, హావభావములతో కనులకు కట్టును. అయినను అక్కడను వినబడునది కవి కంఠమే కాని గాయని కంఠము కాదు.

మూడవది నేటికిని సజీవముగానున్న కథాగానముల దశ. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పు ఒగ్గుకథలో ప్రధాన కథకుడొకడు. వెంట డోలు, తాళములు. మాటకు మాట అందించు సహాయకులు. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలుందురు. ఒకడు హాస్యమును, మరియొకడు లోకవ్యవహారమును చూచుకొనును. గొల్లసుద్దులలో ప్రశ్నయు సమాధానమును కథను నడపును. ఈ మూడింటను వినువాని ప్రతినిధి కథలోననే ఉన్నాడు. ‘ఊఁ’ కొట్టువాడు లేనిదే కథ సాగదు. తెలంగాణ సాయుధ పోరాటకాలమున నల్లగొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపమును గ్రహించి దొరల దౌర్జన్యమునకు ఎదురుగా ప్రయోగించుటలో రహస్యము ఇదియే. ఆ రూపమున ప్రశ్నించుట ముందే యుండెను. ఆయన ప్రశ్నను మార్చెను.

ఈ ఎగువభూములకు దక్షిణపు అంచుననున్న పాలమూరులో పన్నెండు మెట్ల కిన్నెర మరియొక సంప్రదాయము. పండుగ సాయన్న కథను ఆ వాద్యముపై పాడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ లభించెను. అంతకు ముందటి సంవత్సరము ఒక చలనచిత్రగీతమునకు ఆరంభముగా ఆయన కంఠము వినబడగా రాష్ట్రమంతయు ఆలకించెను. ఆ కొలదిపాటి వినికిడితో తృప్తిపడక సాయన్న కథను సాంతముగా విని, శ్రద్ధగా వ్రాసికొనవలెనను కోరిక పరిశోధకులకు కలుగవలెను.

ఇక యంత్రముల కాలము. హైదరాబాదున నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ప్రసారములు 1935 ఫిబ్రవరి 3న ఆరంభమాయెను. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము ఆలిండియా రేడియోలో చేరెను. అంతకు ముందే 1938లో మద్రాసు కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును నెలకొనెను. రేడియో మనకు చేసిన మహోపకారము ప్రక్రియావివేకము. నాటకము వేరు, ప్రసంగము వేరు, బాలల కార్యక్రమము వేరు అని శ్రోతకు వేళలతో సహా నేర్పినది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలతో పిల్లలభాషలో మాటాడిరి. ఉషశ్రీ రామాయణ భారతములను వినిపించి, ధర్మసందేహములకు సమాధానము చెప్పుటలో పురాణ శ్రవణమునకు క్రొత్త వేదికను కల్పించిరి. అయితే రేడియోలో రెండు కొరతలు మిగిలినవి. జిల్లాల పలుకుబడికి గ్రామీణ కార్యక్రమములలోనే తప్ప ప్రధాన ప్రసారములలో తగిన చోటు దొరకలేదు. ప్రసారమైనది మరల కావలెనన్నపుడు శ్రోత చేతికి అందలేదు.

పాడ్‌కాస్టు ఈ రెండవ కొరతను తీర్చినది. శబ్దసంచికను అంతర్జాలమున నిలిపి, క్రొత్తది వచ్చినపుడెల్ల చందాదారుని ఫోనుకు చేరునట్లు చేయు ఏర్పాటే పాడ్‌కాస్టు. 2004లో ‘గార్డియన్’ పత్రికలో బెన్ హామర్స్లీ వ్రాసిన వ్యాసమున ఈ మాట తొలుత కానవచ్చినది. 2005లో ఆపిల్ సంస్థ ఐట్యూన్స్‌లో దీనికి చోటిచ్చుటతో వ్యాపించినది. 2014లో అమెరికాలో ‘సీరియల్’ అను నేరపరిశోధన కథనము, ధారావాహికను చెవితో అనుసరించు అలవాటును లోకమునకు మరల కలిగించినది. ఒగ్గుకథను రాత్రుల తరబడి విన్న మన పల్లెవారికి ఈ అలవాటు క్రొత్తది కాదు.

తెలుగున వినదగినవి ఏవియని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచుందురు. మేము మూడు గుణములను పరీక్షింతుము: ప్రక్రియకు తగిన వాచికము, చెప్పిన విషయమునకు ఆధారము, మరల వినుటకు నిలుకడ. ఈ పరీక్షకు నిలిచినవి ప్రక్రియకొకటిగా చెప్పెదము.

కథాశ్రవణమునకు ‘హర్షణీయం’ తగినది. తెలుగు కథలను చదివి వినిపించుటయే గాక, రచయితలతోను అనువాదకులతోను జరిపిన సంభాషణలు అందు కలవు. సమకాలిక కథపై పరిశోధించువారికి రచయిత కంఠముననే రచనానుభవము లభించుట చిన్న సంగతి కాదు. జీవితచరిత్రకు కిరణ్‌ప్రభ ప్రసంగములు వినవలెను. కాలిఫోర్నియాలో నివసించుచు ‘కౌముది’ అంతర్జాల మాసపత్రికను నడపు ఈయన, రచయితల, సినీకళాకారుల జీవితములను భాగములు భాగములుగా చెప్పును. తొందరలేని కథనమీయన బలము. పురాణమునకు చాగంటి కోటేశ్వరరావుగారి ప్రవచనములు సుప్రసిద్ధములు. మూలమును ప్రక్కనుంచుకొని వినినచో, పౌరాణికుడు ఎక్కడ విస్తరించునో, ఎక్కడ సంగ్రహించునో తెలియును. ఆ తేడాయే పరిశోధనకు విషయము. లఘుభాషణమునకు చలనచిత్ర దర్శకుడు పూరి జగన్నాథ్ 2020లో ఆరంభించిన ‘పూరి మ్యూజింగ్స్’ ఉదాహరణము. ఆధారముల విషయమున దానిని ప్రమాణముగా గొనరాదు; కాని వాడుకమాటలో, కొలదివాక్యములలో ఒక భావమును నిలుపు పద్ధతిని పరిశీలింపవచ్చును.

వ్యవసాయము, పల్లెపలుకు అను విషయములలో మా సూచన పాడ్‌కాస్టు కాదు, ఒక చిన్న రేడియో. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారి సంగం రేడియో 2008లో ప్రసారములు ఆరంభించెను. దళితస్త్రీలే దానిని నడిపిరి. చిరుధాన్యములు, విత్తనములు, పండుగలు, పాటలు అందలి విషయములు. భాష తమ ఊరిభాష. రేడియో తీర్పని మొదటి కొరతను ఈ స్త్రీలు తీర్చినారు. తిరుమలగిరి పలుకుబడికి ఇట్టి చోటు ఏర్పడవలెనని కోరువారు మొదట పరిశీలింపవలసినది దీనినే. ఇక ఒగ్గుకథకు చుక్క సత్తయ్యగారి ధ్వనిముద్రణములను వినవలెను. జనగామ ప్రాంతపు మాణిక్యపురమునకు చెందిన ఆ కళాకారుడు 2017లో మరణించెను. ఆయన కంఠము మనకు మిగిలియుండుట యంత్రము పెట్టిన భిక్ష.

ఇన్ని చెప్పిన పిదప ఒక హెచ్చరిక అవసరము. ఈ పట్టికయు సోమనాథుని పట్టిక వలె పేర్లుగా మాత్రమే మిగులు ప్రమాదము కలదు. అంతర్జాలమున నున్నది శాశ్వతమను భ్రమ విద్యార్థులలో ప్రబలముగా నున్నది. గూగుల్ సంస్థ తన పాడ్‌కాస్టు సేవను 2024లో మూసివేసెను. శ్రోతలు తమ చందాల జాబితాలను వేరొకచోటికి తరలించుకొనవలసి వచ్చెను. ఒక సంస్థ లెక్కలలో లాభము తగ్గినచో కంఠములు మూగవోవు స్థితిని నమ్మి వాఙ్మయమును విడువరాదు. తాళపత్రమునకు చెదపురుగు ఎట్టిదో, శబ్దసంచికకు ఈ మూసివేత అట్టిది.

కావున పరిశోధక విద్యార్థులకు మా సూచన ఇది. తిరుమలగిరి పరిసరములలో ఒగ్గుకథ, గొల్లసుద్దులు, బుర్రకథ చెప్పువారిని వారి అనుమతితో సాంతముగా ముద్రింపవలెను. కథకుని పేరు, ఊరు, తేదీ, సందర్భము, వాద్యములు, సహాయకుల పాత్ర, వినినవారు మధ్య పలికిన మాటలు అన్నియు చేర్పవలెను. చివరి అంశము ముఖ్యము. శ్రోత ‘ఊఁ’ కొట్టుట కథలో భాగమని పైన చెప్పితిమి. మంచి పాడ్‌కాస్టు సంచికలను కూడ కర్తల సమ్మతితో ప్రతి తీసి భద్రపరుపవలెను. ప్రతులలో ఒకటి శాఖా గ్రంథాలయమునను, ఒకటి కళాకారుని ఇంటను ఉండవలెను. కథ మొదట వారిది. మనకది తరువాతి సొత్తు. సోమనాథుడు పేర్లను కాపాడెను. అతనికి అందుబాటులో లేని సాధనము నేడు ప్రతి విద్యార్థి చేతిలోనున్నది. ధ్వనిని కాపాడు భారము మనపైననే యున్నది.