రిజిస్టరులో పుట్టిన పిల్లలు

బాపట్ల నుంచి చీరాల పోయే రైలు దారిలో స్టువర్టుపురం ఒక చిన్న స్టేషన్. ఊరు చిన్నదైనా పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని ఒక్క ఏడాదిలోనే రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఆ ఊళ్లో దొంగతనాలు చేసినవాళ్లు లేరని ఎవరూ అనరు. కానీ అది దొంగలు కూడబలుక్కుని కట్టుకున్న ఊరు కాదు. దొంగబుద్ధి తండ్రి నుంచి కొడుక్కి నెత్తురులో దిగుతుందని నమ్మి చేసిన ఒక చట్టం కింద వెలిసిన ఊరు.

అక్కడికి తరలించిన ఎరుకలవాళ్ల పాత బతుకు ఎలాంటిదో వాళ్ల శాఖల పేర్లు కొంత చెబుతాయి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బల ఎరుకల అని పిలిచేవారు. ఉప్పు ఎరుకలు సముద్రతీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని, కుటుంబాలతో సహా లోపలి ఊళ్లకు నడిచేవారు. తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. ఆడవాళ్లు గంపలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. బండి దారి కూడా లేని పల్లెకు ఉప్పు అందిందంటే ఇలాంటి సంచార వర్తకుల చలవే.

ఆ వర్తకం ఒక్కరోజులో పోలేదు. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కిందికి వెళ్లింది. 1850ల తర్వాత రైళ్లు వచ్చి, గాడిదలు వారాల తరబడి మోసే సరుకును రోజుల్లో చేర్చడం మొదలుపెట్టాయి. 1876-78 నాటి ధాత కరువులో పశువులూ పోయాయి, కొనేవాళ్లూ పోయారు. 1882 అటవీ చట్టంతో వెదురుకీ మేతకీ ఆంక్షలు వచ్చాయి. బతుకుదెరువు పోయి దారుల మీద మిగిలిన ఈ జనం సర్కారు కంటికి అనుమానితులుగా కనిపించారు. ఒకచోట ఇల్లూ పొలమూ లేకుండా తిరిగేవాడు ఏం తిని బతుకుతున్నాడన్నది పోలీసుల ప్రశ్న. దానికి జవాబు చరిత్రలో ఉంది. వాళ్లు మాత్రం దాన్ని వంశంలో వెతికారు.

అప్పటికే ఉత్తరాదిలో 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అమలవుతోంది. దాని వెనక ఉన్న వాదన తేలికైనది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె అవుతాడు గనక దొంగ కొడుకు దొంగే అవుతాడు అన్నారు. ఐరోపాలోనూ అదే గాలి వీస్తోంది. ప్రతిభ వంశంలో వస్తుందని ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో పుస్తకం రాస్తే, 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో పుట్టు నేరస్తులు ఉంటారని, వాళ్లను పుర్రె, దవడ చూసి గుర్తుపట్టవచ్చని రాశాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల, తెగల తలలూ ముక్కులూ కొలిచి పుస్తకాలకు ఎక్కించాడు.

1911లో కొత్త చట్టం వచ్చాక మద్రాసు రాజధానిలోనూ పని మొదలైంది. ఒక తెగను ‘నేరస్థ తెగ’ అని ప్రకటిస్తే అందులోనివాళ్లు తమ పేర్లు రిజిస్టరులో రాయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. చట్టంలో పేర్కొన్న నేరాలకు మూడోసారి శిక్ష పడితే యావజ్జీవ ప్రవాసం. ఆరేళ్లు దాటిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ప్రత్యేక బడులకు పంపే అధికారం కూడా సర్కారుకు ఉంది. ఏ కోర్టూ విచారించని నేరానికి ఆరేళ్ల బిడ్డను తల్లి చేతుల్లోంచి తీసుకెళ్లవచ్చని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసుకుంది. ఇది పాత సంగతే అని దాటవేసే విషయం కాదు.

వేలిముద్రల విషయంలో ఒకటి చెప్పుకోవాలి. ఆ గాల్టనే 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. వేలి గీతల్లో జాతి, గుణం తెలుస్తాయేమోనని ఆశపడి వెతికాడు. అలాంటి తేడా ఏదీ దొరకలేదని తనే ఒప్పుకున్నాడు. ప్రతి మనిషి ముద్రా ఎవరిది వాళ్లదే. మనిషిని మనిషి నుంచి విడదీసి చూపే ఆ గుర్తునే, మనుషులను తెగగా గుదిగుచ్చే రిజిస్టరుకు వాడారు.

ఇలా ప్రకటించిన తెగలవాళ్లను ఒకచోట ఉంచడానికి, 1913-14 ప్రాంతంలో రక్షణ సైన్యం (సాల్వేషన్ ఆర్మీ) అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా స్టువర్టుపురం సెటిల్మెంటు లేచింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరికి పెట్టారు. కావలి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకొకటి నడిపింది. రక్షణ సైన్యం నాయకుడు బూత్-టక్కర్ నేరాన్ని నయం చేయగల జబ్బుగా చూశాడు. పని, ప్రార్థన, క్రమశిక్షణ దానికి మందులు. నెత్తురులోనే ఉన్నదైతే ప్రార్థనకు ఎలా పోతుంది? ప్రార్థనకు పోయేదైతే పసిపిల్ల పేరు రిజిస్టరులో ఎందుకు? ఈ రెండు నమ్మకాలూ ఒకే సెటిల్మెంటులో ఏళ్ల తరబడి పక్కపక్కనే బతికాయి. సెటిల్మెంటువాళ్లు చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలికి పోయేవారు. పాసు లేకుండా కదలలేని కూలీలు దొరకడం కంపెనీకి కలిసొచ్చింది.

వంశపారంపర్యంగా నిజంగా దిగింది ఏమిటో ఇక్కడే చూడాలి. తాత పేరున్న పుస్తకంలోకి తండ్రి పేరు, తండ్రి పేరు వెంట కొడుకు పేరు ఎక్కాయి. చుట్టుపక్కల ఎక్కడ కన్నం పడినా పోలీసులు ముందు వచ్చేది ఆ గుడిసెల్లోకే. ఊరి పేరు చెబితే పని ఇచ్చేవాడు లేడు. అలా పెరిగినవాళ్లలో కొందరు దొంగతనానికి దిగితే, మేం ముందే చెప్పాం కదా అన్నారు.

మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటి సంగతి తేల్చడానికి 1949లో వేసిన కమిటీకి తిరుపతి ప్రాంతపు నాయకుడు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షుడు. ఆయన కమిటీ రద్దుకే సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ఇప్పటికీ విముక్త జాతులు ఆ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటాయి. అయితే ‘అలవాటుపడ్డ నేరస్తుల’ చట్టాలు ఆ ఖాళీలోకి వచ్చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది 1962లో వచ్చింది.

1970లలో స్టువర్టుపురం ఇళ్లలోకి అడుగుపెట్టిన లవణం, హేమలత దంపతుల కథ ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. లవణం తండ్రి గోరా, విజయవాడ నాస్తిక కేంద్రం స్థాపకుడు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి కులాన్ని వదిలినవాడు. హేమలత కవి గుర్రం జాషువా కూతురు. పుట్టుక పేరుతో పడిన అవమానం జాషువా జీవితమంతా వెంటాడింది, ఆయన కవిత్వానికి నిప్పు అదే. ఆ ఇంట పెరిగిన కూతురికి పుట్టుకను బట్టి మనిషికి ముద్ర వేయడం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. మనిషి స్వభావంలో ఇంటి పాత్ర లేదని కాదు. ఈ ఇద్దరి ధైర్యంలో వాళ్ల ఇళ్ల గాలి స్పష్టంగా ఉంది. అది సాకిన చేతుల నుంచి, విన్న మాటల నుంచి, చూసిన నడత నుంచి వచ్చింది. అలాంటి పెంపకానికి అవకాశమే లేకుండా చేసింది ఆ రిజిస్టరు. దంపతులు నేరం మానినవాళ్లకు పనులు చూపించారు, ప్రభుత్వంతో మాట్లాడారు, పిల్లల్ని చదువుల్లోకి నడిపారు. ఈ పని కోసం ‘సంస్కార్’ సంస్థను నెలకొల్పారు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద తీర్పు చెప్పింది. రాష్ట్రాల జైలు నిబంధనలు తిరగేస్తే పశ్చిమ బెంగాల్ పుస్తకంలో ఒకటి కనిపించింది. తప్పించుకుపోయే సహజ గుణం బలంగా ఉన్న సంచార తెగలవాళ్లను ఖైదీల్లోంచి రాత్రి కాపలాకు తీసుకోకూడదని అందులో రాసి ఉంది. 1871 నాటి ఆలోచన ఆ నిబంధనలో అప్పటికీ చెక్కుచెదరలేదు. ఇలాంటి నిబంధనలను కోర్టు కొట్టేసింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసేయాలని ఆదేశించింది.